చివరి ప్రశ్నకు సున్నా

కాటన్‌పేట, బెంగళూరు
2 జూన్ 2025, సోమవారం

చిరంజీవి వరూధినికి మామయ్య దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమేనని అనుకుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఉత్తరం జ్ఞానప్రకాశం చేతికిస్తున్నాను. మంగళవారం, శుక్రవారం అత్తిబెలె గార్మెంట్స్‌కి మన లైనింగ్ గుడ్డ దింపే టెంపో వాడిదే కదా, మీ సంస్థ గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి పోతాడు. నువ్వు ఫోన్ చేస్తే నా చెవిలో మిక్సీ తిరిగినట్టుంటుంది. ఎదురుగా కూర్చుని గట్టిగా మాట్లాడితే కుడిచెవి ఇంకా కొంచెం పని చేస్తుంది. ఫోన్‌లో మెసేజీలు చదవడం నేర్చుకోమంటాడు గిరీష్. వాడి కొడుకుతనం వాడిది, నా మొండితనం నాది.

అసలు సంగతికి వస్తాను. నిన్న ఆదివారం గిరీష్ కంప్యూటర్‌లో నీ పేరు కొట్టి చూపించాడు. నువ్వు రాసిన పేపర్లన్నీ వరసగా వచ్చాయి, పక్కన అంకెలు. మన కాటన్‌పేట వాళ్ళను అడిగి రాశావే, పదకొండు ప్రశ్నల కాగితం, అది అన్నిటికన్నా పైన ఉంది. పక్కన 640 అని ఉంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనుషుల మనసు చూసే డాక్టరువై నువ్వు ఆరువందల నలభై మందిని బాగుచేశావని వీధంతా చెప్పుకొచ్చాను. గోనెసంచుల సావిత్రమ్మ నీకోసం ఒక డబ్బా కోడుబళె పంపింది, టెంపోలో పెట్టాను. వాచ్‌మన్ తినకముందే తీసుకో.

మనవరాలు శ్రుతి బీకాం రెండో ఏడులోకి వచ్చింది. ముందు కాలేజీ నుంచి రాగానే అంగట్లోకి దిగి నా పక్కన కూర్చుని బిల్లులు రాసేది. ఈ మధ్య పైన గదిలోంచి దిగడం లేదు. వయసు అనుకుంటున్నాను. వాళ్ళమ్మ శశికళ మాత్రం ఊరికే కంగారు పడుతోంది. కోడళ్ళ కంగారు నీకు తెలుసు కదా.

ఆశీస్సులతో,
మీ మామయ్య వెంకటేశప్ప


అత్తిబెలె
5 జూన్ 2025

మామయ్యా,

కోడుబళె నాకు సగమే చేరింది, మిగతా సగం ఎవరి పొట్టలో ఉందో జ్ఞానప్రకాశాన్ని అడుగు.

ఆ 640 బాగుపడినవాళ్ళు కారు. దయచేసి వీధిలో ఇంకెవరికీ చెప్పకు. దాన్ని సైటేషన్ అంటారు. వేరే పరిశోధకులు తమ పేపర్లు రాసేటప్పుడు “ఈ విషయం వరూధిని తేల్చింది” అని నా పేరు చెప్తారు. అలా 640 పేపర్లలో చెప్పారు. నీ వ్యాపారంలో చెప్పాలంటే, పక్క అంగడివాళ్ళు “ఆ రకం గుడ్డ కావాలంటే వెంకటేశప్ప దగ్గరికి పో” అని మనుషుల్ని పంపడం లాంటిది.

కానీ నువ్వు మురిసిపోవడంలో తప్పు లేదు. వచ్చే నెల పదహారున ఢిల్లీలో మా పెద్దాఫీసులో నాకు ప్రొఫెసర్ పోస్టుకి ఇంటర్వ్యూ. ఎన్ని పేపర్లు రాశాం, వాటిని ఎంతమంది ఉదహరించారు, అదే చూస్తారు. ఆ ఒక్క పేపరే నా బలం. మిగతావన్నీ కలిపినా దానికి సగం రావు. తొమ్మిదేళ్ళ కింద నా స్టూడెంట్లు కాగితాలు పట్టుకుని కాటన్‌పేటలో తిరిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. నువ్వు మూడువందల మందిని అంగడికి పిలిచి నింపించకపోతే ఆ పేపరే లేదు. ఆ మాట నేను ఎక్కడ పడితే అక్కడ చెప్తుంటాను.

శ్రుతి గురించి దిగులు పడకు. వాళ్ళ కాలేజీలో ప్రతి ఏడూ పిల్లలతో నింపించేది నా పదకొండు ప్రశ్నల కాగితమే. ఎవరైనా ప్రాణం మీదికి తెచ్చుకునే స్థితిలో ఉన్నారేమో ముందే తెలుసుకోవడానికి. ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి నాలుగు మార్కులు. మొత్తం పన్నెండు దాటితేనే డాక్టరుకి చూపిస్తారు. ఫలితం చీటీ పిల్లల చేతికే ఇస్తారు. శ్రుతిని అడిగి ఎంత వచ్చిందో రాయి.

ప్రేమతో,
వరూధిని


కాటన్‌పేట
30 జూన్ 2025

చిరంజీవి వరూధినికి దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. మన వీధి మళ్ళీ తవ్వారు. ఎందుకని అడిగితే ముందు తవ్విన వాళ్ళు సరిగ్గా పూడ్చలేదట.

శ్రుతి చీటీ చూపించింది. మూడు! పన్నెండు ఎక్కడ, మూడెక్కడ. కింద “ఆందోళన అవసరం లేదు” అని ఇంగ్లీషులో ఉందని గిరీష్ చదివి చెప్పాడు. ఆ చీటీకి ప్లాస్టిక్ అతికించి దేవుడి పటాల పక్కన పెట్టాను. నీ పేరు మీద వచ్చిన కాగితం మన పిల్లకి రక్ష అయింది. మీ అమ్మ ఉంటే ఎంత సంతోషపడేదో.

శశికళ ఇంకా వినడం లేదు. పిల్ల రాత్రిళ్ళు నిద్రపోవడం లేదట, అన్నం ముందు కూర్చుని లేచిపోతోందట. వెండి పట్టీలు తీసి స్నేహితురాలు మౌనికకి ఇచ్చేసింది. “నాకు అవి ఇంక వద్దు” అందట. జయనగర్‌లో ఎవరో డాక్టరమ్మ ఉందని, తీసుకుపోతానని శశికళ పట్టుబట్టింది. నేను కొంచెం గట్టిగానే చెప్పాను, ఇంట్లోనే ఇంత పెద్ద డాక్టరును పెట్టుకుని, ఆమె పరీక్షలోనే మూడు వచ్చాక, పెళ్ళి కావలసిన పిల్లని అలాంటి డాక్టరు గుమ్మం ఎందుకు ఎక్కించడమని. గిరీష్ కూడా నా మాటే అన్నాడు. శశికళ రెండు రోజులుగా మాతో మాట్లాడటం లేదు.

నీ సైటేషన్ల సంగతి ఆలోచించాను. ఒక అనుమానం. పక్క అంగడివాడు “వెంకటేశప్ప దగ్గరికి పో” అంటాడు సరే. వాడు నా గుడ్డ విప్పి చూసి అంటాడా, ఎవరో అన్నారని అంటాడా?

మీ మామయ్య


అత్తిబెలె
10 జూలై 2025

మామయ్యా,

ఈ ఉత్తరం కొంచెం చిరాకులో రాస్తున్నాను, పట్టించుకోకు.

నీ అనుమానం నిజమే. చాలామంది గుడ్డ విప్పి చూడరు. ఒకరు చెప్పారని ఇంకొకరు చెప్తారు, అంకె పెరుగుతుంది. ఇన్నాళ్ళకి ఒకాయన విప్పి చూశాడు. పేరు లలిత్. ఎక్కడో చిన్న యూనివర్సిటీలో పాఠాలు చెప్తాడు. ఆ పేపరు అచ్చయిన పత్రికకి ఉత్తరం రాశాడు. నా మూడువందల కాగితాల్లో చివరి ప్రశ్నకి ఒక్కరంటే ఒక్కరు కూడా సున్నా తప్ప వేరే అంకె వెయ్యలేదట, అది మనుషుల్లో జరిగే పని కాదట. చివరి ప్రశ్న నీకు గుర్తుండే ఉంటుంది, “చచ్చిపోతే బాగుండునని ఈ నెలలో అనిపించిందా” అన్నది. అప్పట్లో నాకది అద్భుతంగా కనిపించింది. వీధంతా ఒకరికొకరు తోడుగా బతికే పాత పేట, అలాంటి చోట ఆ ఆలోచన రాదు అని నేనే రాశాను. ఆరువందల మంది నమ్మారు. ఇంటర్వ్యూకి వారం ముందు ఇతను లేచాడు. నా ఎదుగుదల చూసి ఓర్వలేకపోతున్నారు.

ఏమైనా పత్రికవాళ్ళకి జవాబు ఇవ్వాలి. ఆ కాగితాలు ఎలా నింపించావో ఉన్నది ఉన్నట్టు రాసి పంపు. ఎక్కడ కూర్చోబెట్టావు, ఎవరు అడిగారు, అంతే.

శశికళక్క సంగతి చదివాను. నిద్ర పట్టకపోవడం, పట్టీలు ఇచ్చెయ్యడం నాకు కొంచెం నచ్చలేదు. కానీ మూడు అంటే మూడే మామయ్యా, నా కాగితాన్ని నేనే నమ్మకపోతే ఎలా. ఢిల్లీ నుంచి రాగానే వచ్చి శ్రుతితో ఒక పూట గడుపుతాను. పద్నాలుగున బయలుదేరుతున్నాను, పద్దెనిమిది సాయంత్రానికి వస్తాను. ఈలోగా వచ్చిన ఉత్తరాలు వాచ్‌మన్ నా తలుపు కింద నుంచి తోస్తాడు.

వరూధిని


కాటన్‌పేట
14 జూలై 2025

చిరంజీవి వరూధినికి దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. నీకు ఢిల్లీలో జయం కలగాలని పొద్దున కొబ్బరికాయ కొట్టించాను.

ఆ లలిత్‌కి మన పేట సంగతి ఏం తెలుసు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను, ధైర్యంగా రాసి పంపు.

పగలు ఎవరికి తీరిక ఉంటుంది. సాయంత్రం అంగట్లో దీపం పెట్టాక, బేరాలు తగ్గాక, నలుగురూ కబుర్లకి వస్తారు కదా, అప్పుడు ఒక్కొక్కరిని మెత్త మీద కూర్చోబెట్టి కాగితం ఇచ్చేవాణ్ణి. చదువు రానివాళ్ళకి నేనే చదివి గీత పెట్టేవాణ్ణి. చివరి ప్రశ్న దగ్గర అందరూ సున్నానే ఎందుకు పెట్టారంటే, నేను పెట్టించాను గనక. నీ మొదటి పెద్ద పని. అందులోకి ఒక్క అశుభం మాట పోనిస్తానా? మొదట్లో కొందరు ఒకటి, రెండు అని పెట్టారు. వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని మంచి మాట చెప్పి, కొత్త కాగితం ఇచ్చి మళ్ళీ రాయించాను. పాతవి పొయ్యిలో వేశాను. అటువంటివి ఇంట్లో ఉంచుకోకూడదు.

దారాల జయరామప్ప అయితే ఏకంగా నాలుగు పెట్టాడు. నాకు భయం వేసింది. “ఏందప్పా ఇది, దీపాలు పెట్టే పొద్దులో ఇట్లాంటివి రాస్తారా, తథాస్తు అనే దేవతలు పైన్నే తిరుగుతా ఉంటారు” అన్నాను. ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం తీసుకుని, అన్నీ సున్నాలు పెట్టి, నమస్కారం చేసి వెళ్ళిపోయాడు. పాపం, ఆరు నెలలకే పోయాడు. రాత్రి పడుకున్నవాడు లేవలేదని ఇంట్లోవాళ్ళు చెప్పారు. ఆ పైన మనం అడగకూడదు.

సావిత్రమ్మకి కూడా నేనే మార్పించాను. ఇలా ముప్పై మంది దాకా ఉంటారేమో. అందరూ నా మాట మన్నించారు. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది?

మన శ్రుతికి కూడా అదే చెప్పాను. కాలేజీలో కాగితం ఇచ్చే ముందురోజు పైనుంచి దిగివచ్చి నా పక్కన కూర్చుంది. కుడిచెవి దగ్గర నోరు పెట్టి, “తాతా, ఆ కడా ప్రశ్నకి నిజం రాయచ్చునా?” అని అడిగింది. “నిజమైనా అబద్ధమైనా ఆ మాట రాయకూడదమ్మా, సున్నా పెట్టేసెయ్, పైవాటికి కూడా మంచిగానే పెట్టు” అన్నాను. బుద్ధిగా తల ఊపింది. మూడు వచ్చింది.

గెలిచి రా.

మీ మామయ్య


కాటన్‌పేట
17 జూలై 2025

చిరంజీవి వరూధినికి దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం, ఈసారి నిజంగా మనసారా రాస్తున్నాను.

శ్రుతి మారిపోయింది. నాలుగు రోజులుగా ఎంత నిమ్మళంగా ఉందో చెప్పలేను. నిన్న తలస్నానం చేసి కిందికి దిగి, అంగట్లో నాతోపాటు కూర్చుంది. పాత బిల్లులన్నీ సర్దిపెట్టింది. నా కళ్ళజోడు తుడిచింది. శశికళని కూడా వాటేసుకుందట. కోడలి ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. నువ్వు చెప్పిందే నిజమైంది, నీ కాగితం అబద్ధం చెప్పదు.

ఇవాళ సాయంత్రం మారతహళ్ళి పోయింది. అక్కడ మౌనిక పీజీ హాస్టల్లో ఉంటుంది. ఆ పిల్ల వాళ్ళ ఊరికి పోయిందట, గది ఖాళీగా ఉంది, నాలుగు రోజులు నిశ్శబ్దంగా చదువుకుంటానంది. గిరీష్ సరేనన్నాడు. పోయేముందు నా కాళ్ళకి దండం పెట్టి, “పోతా తాతా” అంది. “పోయొస్తా అనల్లమ్మా” అని సరిదిద్దాను. నవ్వింది. వీధి మలుపు దగ్గర ఆగి, తిరిగి చూసి, చెయ్యి ఊపింది. ఆ మాట అందో లేదో నాకు తెలియదు. దూరం కదా, నా చెవి కూడా అంతంతమాత్రం.

అప్పటినుంచి అదొక్కటే కొంచెం మనసులో తిరుగుతోంది. నువ్వు వచ్చాక ఆ పిల్లకి ఫోన్ చేసి, ఊరికే, పోయొస్తా అనిపించు. ముసలివాడి చాదస్తం అనుకో.

మీ మామయ్య


అత్తిబెలె
31 జూలై 2025

మామయ్యా,

గిరీష్ బావ నీతో, శ్రుతికి విషజ్వరమని, ఆసుపత్రిలో పెట్టామని చెప్పాడట. నీ గుండె తట్టుకోదని వాళ్ళ భయం. జ్వరం కాదు. ముందు అది చెప్తాను, శ్రుతి బతికే ఉంది, బాగానే ఉంది, వచ్చేవారం ఇంటికి వస్తుంది. ఇప్పుడు కూర్చుని మిగతాది చదువు.

పద్దెనిమిది సాయంత్రం ఢిల్లీ నుంచి వచ్చాను. తలుపు తీస్తే నీ రెండు ఉత్తరాలూ కాళ్ళ దగ్గర ఉన్నాయి. ఇంటర్వ్యూలో వాళ్ళు “ఈ ఒక్క పేపరు చాలమ్మా” అన్నారు, ఆ సంతోషంలో టీ పెట్టుకుని మొదటిది విప్పాను. జయరామప్ప దాకా వచ్చేసరికి టీ పక్కన పెట్టేశాను. రెండోది నిలబడే చదివాను. శ్రుతి ఫోన్ ఆపేసి ఉంది. శశికళక్కకి చేసి సంగతి చెప్తే ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు, పీజీ అడ్రసు మాత్రం మెసేజీ పెట్టింది. గేటు బయట జ్ఞానప్రకాశం ఇంకా టైరుకి గాలి పట్టించుకుంటున్నాడు. వాడి టెంపోలోనే కూర్చున్నాను. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో నేను ఏడుస్తుంటే వాడు ఆగకుండా హారన్ కొడుతూనే ఉన్నాడు.

పీజీ నడిపే సమీనా మారుతాళంతో తలుపు తీసింది. గది అద్దంలా ఉంది. పుస్తకాలు, బట్టలు, నగలు కట్టలు కట్టి, ఒక్కోదాని మీద ఒక్కో పేరు రాసి గోడవారగా పెట్టి ఉన్నాయి. నీ పేరు రాసింది కూడా ఉంది. శ్రుతి మంచం మీద కూర్చుని మమ్మల్ని చూసింది. ఇంకొక్క గంట ఆలస్యమై ఉంటే నేను ఈ ఉత్తరం ఇలా రాసేదాన్ని కాదు.

పక్కన కూర్చుని, నా పదకొండో ప్రశ్న నోటితో అడిగాను. నా చదువంతటిలో మొదటిసారి ఒక మనిషిని ఆ ప్రశ్న ముఖాముఖి అడిగాను. “నాలుగు” అంది. తర్వాత ఇంకో మాట అంది, “తాతను అడిగితి అత్తా. రాయద్దన్న్యాడు. ఇంక ఎవురికీ చెప్పకూడదేమో అనుకొంటి.”

నీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. ఉంది. కానీ నువ్వు నాకోసం, నాకు మంచి జరగాలని చేశావు. మూడువందల సున్నాలు చూసి ఒక్కసారి కూడా అనుమానపడనిదాన్ని నేను. అంకె అందంగా ఉంది, అంతే చూశాను. పన్నెండు దాటకపోతే భయం లేదన్న హద్దు ఆ సున్నాల్లోంచి తీసిందే. శశికళక్క కళ్ళతో చూసి చెప్తుంటే, నేను ఇక్కడినుంచి మూడు అంటే మూడే అని రాశాను. నా మీద నాకున్న కోపం ముందు నీది ఏమీ కాదు.

పేపరు వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకి రాశాను. లలిత్ గారికి క్షమాపణ రాశాను. పోస్టు ఆపి పెట్టారు, రాదు. అది నాకు పెద్ద బాధగా లేదు. బాధ వేరే ఉంది. రోజూ పొద్దున లేచి ఆ అంకె చూస్తున్నాను. ఏడువందలకు దగ్గరైంది. నేను తప్పని చెప్పాక కూడా పెరుగుతోంది మామయ్యా. ఎవరూ గుడ్డ విప్పి చూడటం లేదు. నాకు తెలిసిన కాలేజీలన్నిటికీ ఉత్తరాలు రాస్తున్నాను, తెలియనివి ఇంకా ఎన్నో ఉన్నాయి. ఎక్కడో ఇవాళ కూడా ఒక పిల్ల చేతికి “ఆందోళన అవసరం లేదు” అని చీటీ ఇస్తూ ఉంటారు.

దేవుడి పటాల పక్కన ఉన్న ఆ చీటీ తీసెయ్యి.

వరూధిని


కాటన్‌పేట
18 ఆగస్టు 2025

వరూధినికి,

ఇన్నేళ్ళలో ఎవరికి ఉత్తరం రాసినా అందరం క్షేమం అని మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి రాయలేకపోయాను.

నీ ఉత్తరం చదివాక మూడు రోజులు అంగట్లోకి దిగలేదు. శశికళ పైకి వచ్చి అన్నం పెట్టి పోయేది. నాలుగో రోజు ఆమెను కూర్చోబెట్టి, నీ మాట వినలేదు, నాదే తప్పు అని చెప్పాను. మామగారు అలా అనకూడదని ఏడ్చింది. అనాలి. అనకూడదు అనకూడదు అనే ఇంతదాకా తెచ్చుకున్నాం.

శ్రుతి ఇంటికి వచ్చింది. మందులు వేసుకుంటోంది. వారానికి రెండుసార్లు శశికళ జయనగర్ తీసుకుపోతోంది. సాయంత్రాలు నా పక్కన కూర్చుంటుంది. మొన్న దీపం పెట్టే వేళకే, నా కుడిచెవి దగ్గరికి వచ్చి, “తాతా, ఈపొద్దు గూడా అనిపించింది” అంది. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. “చెప్పు తల్లీ” అన్నాను. చెప్పింది. నేను విన్నాను. పైన ఎవరు తథాస్తు అన్నా సరే అనుకుని చివరిదాకా విన్నాను. నాకు తెల్లవార్లూ నిద్ర లేదు. దానికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టిందట.

అప్పుడు నాకు మిగతావాళ్ళు గుర్తొచ్చారు, నేను కాగితం మార్పించిన వాళ్ళు. పేర్లన్నీ జ్ఞాపకం లేవు. జ్ఞాపకం ఉన్నవాళ్ళ దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికి పోదామని బయలుదేరాను. ముందు సావిత్రమ్మ. గోనెసంచులు కుడుతోంది. పని ఆపమని, తలుపు దగ్గరగా వేసి, నీ చివరి ప్రశ్న అడిగాను. అప్పుడు అనిపించిందే, ఇప్పుడు కూడా అనిపిస్తుందా అని.

సావిత్రమ్మ చేతిలో సూది అలాగే పట్టుకుని కూర్చుంది. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. నా చెవికి వినపడేటట్టు గట్టిగానే అంది. “ఈ మాట అడిగేదానికి ఇన్నేండ్లు పట్టిందేమప్పా నీకు.”

చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను. జయనగర్ డాక్టరమ్మ దగ్గరికి శ్రుతితోపాటు ఆమెను కూడా పంపాలని శశికళతో మాట్లాడాను.

నీ అంకె ఇంకా పెరుగుతోందా? రాయి.

ఇంక దారాల జయరామప్ప ఇంటికి పోవాలి. ఆయన లేడు, భార్య ఉంది. ఆమెను ఏమని అడగాలో నాకు తెలియడం లేదు. నువ్వు రాసి పంపు, జ్ఞానప్రకాశం శుక్రవారం వస్తాడు.

వెంకటేశప్ప